తాతయ్యా, సర్వర్ పలకట్లేదు!

"తాతయ్యా, సర్వర్ పలకట్లేదు" అంది లహరి, ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపి.

"ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. ఎర్రర్ ఇస్తోంది."

"ఎర్రర్ ఇస్తోందంటే ఏదో ఒకటి అంటున్నట్టే కదే! చెప్పేది చెబుతూనే ఉంది. మనమే చదవట్లేదు."

సంగతేమిటంటే, మా కాలనీ గ్రంథాలయంలో పుస్తకాల లెక్క ఇన్నాళ్లూ పెద్ద బౌండు రిజిస్టర్లో నడిచింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలని కమిటీ వాళ్లు తీర్మానించి, డిగ్రీ చదువుతూ సెలవులకి వచ్చిన మా మనవరాలికి ఆ పని అప్పజెప్పారు. వెనక గదిలో ఎవరో ఇచ్చిపోయిన పాత కంప్యూటర్ ఉంది. దానిలో లినక్స్ ఎక్కించి, మారియాడీబీ అనే డేటాబేస్ సర్వర్ పెట్టింది. ముందు గదిలో లైబ్రేరియన్ గారి బల్ల మీద విండోస్ ల్యాప్‌టాప్, అందులో లిబ్రేఆఫీస్ బేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం. ఇప్పుడు ముందు గదికీ వెనక గదికీ మాటలు కలవాలి. అవి కలవట్లేదు.

పక్కనే వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న చింటూగాడు, తొమ్మిదో తరగతి, తలెత్తాడు. "పుస్తకాల లిస్టే కదా! ఎక్సెల్‌లో రాసేసుకుంటే పోలా? దానికి మళ్లీ సర్వరెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఒక్కడే రాసుకుని ఒక్కడే చూసుకునేదైతే ఎక్సెల్ చాలు. ఇద్దరు ఒకేసారి రాయాల్సి వచ్చినప్పుడే తంటా. నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఆఫీసుల్లో ఫాక్స్‌ప్రోదే రాజ్యం. 1992లో మైక్రోసాఫ్ట్ వాళ్లు దాన్ని కొనుక్కున్నారు. అందులో డేటా అంటే డిస్కు మీద ఒక ఫైలు, అంతే. నెట్‌వర్క్ ఉంటే ఆ ఫైలుని ఒక కంప్యూటర్లో ఉంచి, మిగతా కంప్యూటర్లన్నీ దాన్నే తెరిచేవి. ఫైలు దాచుకున్న కంప్యూటర్‌కి ఆ ఫైల్లో ఏముందో తెలీదు. అడిగిన ముక్క అడిగినట్టు అందించడమే దాని పని. వెతకడం, దిద్దడం అంతా మన బల్ల మీది కంప్యూటరే చేసుకోవాలి. ఇండెక్స్ లేకపోతే ఒక్క పేరు కోసం ఫైలంతా వైరు మీదుగా మన దగ్గరికి నడిచి రావాల్సిందే. పైగా నలుగురూ రాస్తుండగా కరెంటు పోయిందంటే ఇండెక్స్ ఫైలు పాడయ్యేది. కరెంటొచ్చాక అందర్నీ బయటికి రమ్మని, రీఇండెక్స్ ఇచ్చి, టీ తాగి రావాలి. ఎండాకాలం వచ్చిందంటే రోజూ ఇదే పని.

డేటాబేస్ సర్వర్ వచ్చి ఒక్క కట్టుబాటు పెట్టింది: ఫైలుని నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోవద్దు.

"తహసీల్దారు ఆఫీసులో రికార్డు గది చూశావురా చింటూ? మనం లోపలికెళ్లి బీరువాలు తెరవం. కిటికీ దగ్గర నిలబడి, ఫలానా నకలు కావాలని దరఖాస్తు ఇస్తాం. లోపలున్న గుమాస్తా వెతికి తెచ్చి చేతిలో పెడతాడు. ఏ బీరువాలో ఉంది, ఏ కట్టలో ఉంది అన్నది అతని గొడవ. మనకి అక్కర్లేదు. ఈ సర్వర్ కూడా అంతే. లహరి ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రాం డేటాని ఎప్పుడూ చూడదు. అడుగుతుంది. సర్వర్ ఇస్తే తీసుకుంటుంది."

కావలసింది చెప్పండి చాలు, వెతికే దారి మీరు చెప్పక్కర్లేదు అన్న ఈ ఆలోచన ఎడ్గర్ కాడ్ అనే ఆయనది. ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో ఐబీఎం వారి శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేశాడు. 1970లో ఒక వ్యాసం రాశాడు. అంతకు ముందు ప్రోగ్రామరే ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకి దారి వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చేది. కాడ్ ఏమన్నాడంటే, ఉన్న సమాచారమంతా పట్టికల్లో పెట్టండి, ఒక పట్టికకీ ఇంకో పట్టికకీ సంబంధం వాటిలోని విలువల్ని బట్టే ఉండాలి, డిస్కు మీద ఎక్కడుందన్న దాన్ని బట్టి కాదు అన్నాడు. మా గ్రంథాలయంలో చూడండి: పుస్తకాలకో పట్టిక, సభ్యులకో పట్టిక, ఎవరు ఏది తీసుకెళ్లారో చెప్పే ఇష్యూల పట్టిక ఇంకోటి. ఇష్యూల పట్టికలో సభ్యుడి నంబరు, పుస్తకం నంబరు, తేదీ మాత్రమే ఉంటాయి. సభ్యుడి ఫోన్ నంబరు మారితే ఒక్క చోట దిద్దితే చాలు. 1974లో అదే కంపెనీకి చెందిన చాంబర్లిన్, బాయ్స్ ఇద్దరూ ఇలా అడగడానికి ఒక భాష తయారు చేశారు. అదే ఇవాళ్టి ఎస్‌క్యూఎల్. 1981లో కాడ్‌కి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు.

"మరి మారియా ఎవరు తాతయ్యా?" అన్నాడు చింటూ. వాడికి కావాల్సింది ఇదీ.

ఫిన్లాండ్‌లో మాంటీ విడేనియస్ అని ఒకాయన ఉన్నాడు. పెద్ద కూతురి పేరు మై. ఆ పిల్ల పేరు మీదే 1995లో మైఎస్‌క్యూఎల్ వచ్చింది. తరవాత ఆ కంపెనీ చేతులు మారి 2010లో ఒరాకిల్ దగ్గరికి చేరింది. ఈలోపే మాంటీ ఆ ప్రోగ్రాంనే తీసుకుని, వేరు కుంపటి పెట్టి, దానికి చిన్నకూతురు మారియా పేరు పెట్టాడు. అందుకే ఈ రెండిటి పద్ధతులూ, ఎర్రర్ నంబర్లూ చాలామటుకు ఒకటే. ఇప్పుడు నేను చెప్పే నంబర్లు అక్కడా ఇక్కడా పనికొస్తాయి.

సరే, అసలు పనికి వద్దాం.

ఆ ల్యాప్‌టాప్‌లో ముందు కావాల్సింది డ్రైవర్. ప్రతి సర్వర్‌కీ తనదైన మాటతీరు ఉంటుంది. మారియాడీబీ మాట ఒరాకిల్‌కి అర్థం కాదు, ఒరాకిల్ మాట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కి అర్థం కాదు. ఒకప్పుడు ప్రోగ్రాం రాసేవాళ్లు ఒక్కో సర్వర్ కోసం విడివిడిగా రాసుకునేవాళ్లు. ఐదు ప్రోగ్రాంలు, నాలుగు రకాల సర్వర్లు ఉంటే ఇరవై జతలు. 1992లో మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ అని ఒక ఉమ్మడి పద్ధతి తెచ్చింది. ప్రోగ్రాంలన్నీ ఓడీబీసీ పద్ధతిలో అడగాలి. ఒక్కో సర్వర్‌కి ఒక్కో డ్రైవర్ ఉంటుంది, అది ఆ మాటల్ని సర్వర్‌కి తెలిసేలా మారుస్తుంది. ఇరవై జతలు కాస్తా ఐదూ నాలుగూ తొమ్మిదయ్యాయి. జావా వాళ్లకి ఇదే పని చేసే జేడీబీసీ 1997లో వచ్చింది.

నిజానికి లిబ్రేఆఫీస్ బేస్‌లో మారియాడీబీతో నేరుగా మాట్లాడే ఏర్పాటు ఉండనే ఉంది. కానీ కమిటీ కార్యదర్శి గారికి అదే లిస్టు ఎక్సెల్‌లోనూ కనబడాలట. అందుకని లహరి ఓడీబీసీ పట్టుకుంది. నిన్న అక్కడే ఒక మెలిక పడింది. అదే ల్యాప్‌టాప్‌లో లిబ్రేఆఫీస్‌కి పనిచేసిన డ్రైవర్ ఎక్సెల్‌కి పనిచెయ్యలేదు. ఐఎం014 అని వచ్చింది. డ్రైవర్‌కీ ప్రోగ్రాంకీ నిర్మాణం పొసగలేదని దాని అర్థం. లిబ్రేఆఫీస్ 64 బిట్లది, లహరి ఎక్కించిన డ్రైవర్ 64 బిట్లది, ఆ ల్యాప్‌టాప్‌లోని ఎక్సెల్ మాత్రం 32 బిట్లది. 32 బిట్ల ప్రోగ్రాం 64 బిట్ల డ్రైవర్‌ని తనలోకి తీసుకోలేదు. 32 బిట్ల డ్రైవర్ కూడా ఎక్కిస్తే సరిపోయింది.

"విండోస్‌లో ఓడీబీసీ అమరికల ప్రోగ్రాంలు రెండున్నాయి తాతయ్యా. రెండిటి పేర్లోనూ చివర 32 అనే ఉంది. సిస్టమ్32 అనే ఫోల్డర్లో ఉన్నది 64 బిట్లదట. సిస్‌వావ్64 అనే దాంట్లో ఉన్నది 32 బిట్లదట! ఇదేం తిరకాసు?"

"పాత ప్రోగ్రాంలు సిస్టమ్32 అనే పేరు పట్టుకుని వెతుక్కుంటాయి కదే. పేరు మారిస్తే అవన్నీ ఆగిపోతాయని, పేరు అలాగే ఉంచి లోపల సరుకు మార్చారు. కొత్త వాళ్లకే ఈ అవస్థ."

ఇంతకీ ఐఎం అన్న అక్షరాలతో మొదలయ్యే నంబరు వచ్చిందంటే మాట ఇంకా ల్యాప్‌టాప్ దాటలేదని గుర్తు. ఐఎం002 వస్తే మీరు చెప్పిన డేటా సోర్స్ పేరు, అంటే సర్వర్ వివరాలకి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్న పేరు, ఇక్కడ లేదని. వెనక గదికెళ్లి సర్వర్‌ని తిట్టి లాభం లేదు. దానికసలు కబురే అందలేదు.

ఇవాళ్టి ఎర్రర్ అది కాదు. "కనెక్ట్ కాలేకపోయాను" అని ఉంది, చివర బ్రాకెట్లో 10061 అని ఉంది. ఆ బ్రాకెట్లో అంకెని ఎవరూ చూడరు. చూడాల్సింది అదే.

సర్వర్‌కి రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి కంప్యూటర్ చిరునామా. మా వెనక గది దానిది 192.168.1.10. రెండోది పోర్టు, అంటే కిటికీ నంబరు. ఒక్కో కంప్యూటర్‌కి 65,535 దాకా పోర్టులు ఉంటాయి. మారియాడీబీ, మైఎస్‌క్యూఎల్ మామూలుగా 3306 దగ్గర ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 5432 దగ్గర, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433 దగ్గర, ఒరాకిల్ 1521 దగ్గర. ఆ చిరునామాకి, ఆ పోర్టుకి మన కంప్యూటర్ ముందు చిన్న పలకరింపు పంపిస్తుంది. "ఉన్నారా?" "ఉన్నాను, నా మాట వినబడుతోందా?" "వినబడుతోంది." ఈ మూడు ముక్కలూ అయితేనే మిగతాది.

10061 అంటే ఆ కంప్యూటర్ ఉంది, తక్షణం జవాబు కూడా ఇచ్చింది, "ఈ కిటికీ దగ్గర ఎవరూ లేరు" అని. 10060 అంటే అసలు జవాబే లేదు, మనవాడు చాలాసేపు చూసి చూసి విసిగిపోయాడు. చిరునామా తప్పైనా కావచ్చు, ఆ కంప్యూటర్ ఆపేసి ఉండొచ్చు, మధ్యలో ఫైర్‌వాల్ కబురుని మింగేసినా మింగెయ్యొచ్చు. ఒక్క అంకె తేడా, వెతకాల్సిన చోటు మాత్రం పూర్తిగా వేరు. 10061 వచ్చినప్పుడు వైరు లాగి చూడటం దండగ. వైరు బాగుంది కాబట్టే "లేరు" అన్న జవాబు వచ్చింది.

"సర్వర్ నడుస్తూనే ఉంది తాతయ్యా. వెనక గదిలో కూచుని నేనే పట్టికలు తయారు చేశాను."

"వెనక గదిలో కూచుని చేశావు. అదే కీలకం. వెళ్లి, అది ఏ చిరునామా మీద వింటోందో చూసిరా."

చూసొచ్చింది. 127.0.0.1, పోర్టు 3306. అనుకున్నదే. 127.0.0.1 అంటే ఏ కంప్యూటర్‌కైనా "నేనే" అని అర్థం. డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో మారియాడీబీ ఎక్కిస్తే మొదట్లో అది తన ఇంట్లో వాళ్ల మాటే వింటుంది, బయటి వాళ్లది వినదు. జాగ్రత్త కోసం అలా పెట్టారు. బైండ్ అడ్రస్ అన్న లైనులో 127.0.0.1 తీసేసి 192.168.1.10 రాసి, సర్వర్‌ని ఆపి మళ్లీ నడిపితే గ్రంథాలయంలోని మిగతా కంప్యూటర్లకీ పలుకుతుంది. అలాగని రౌటర్లో ఇంటర్నెట్ వైపు కూడా దారి తెరవకూడదు సుమా. ఊళ్లో వాళ్లందరికీ మన కిటికీ చూపించాల్సిన అవసరం లేదు.

ఆ మార్పు చేసి లహరి మళ్లీ టెస్ట్ బటన్ నొక్కింది. "తాతయ్యా, ఇంకో ఎర్రర్!"

"శుభం. ఎంత?"

"1130."

"చూశావా, ఇందాకటి అంకె విండోస్ ఇచ్చింది. ఇది మారియాడీబీ తన నోటితో చెప్పింది. అంటే నీ మాట వెనక గది దాకా వెళ్లింది."

1130 అంటే "ఆ చిరునామా నుంచి వచ్చేవాళ్లకి నా దగ్గర ప్రవేశం లేదు" అని. ఈ సర్వర్లలో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ, ఎక్కణ్నుంచి వస్తున్నాడన్నదీ కలిపి. లోకల్‌హోస్ట్ నుంచి, అంటే ఆ కంప్యూటర్ నుంచే, వచ్చే "లైబ్రరీ" ఒక ఖాతా. ల్యాప్‌టాప్ చిరునామా 192.168.1.20 నుంచి వచ్చే "లైబ్రరీ" ఇంకో ఖాతా. పేరు ఒకటే, మనిషి వేరు. లహరి వెనక గదిలో తయారు చేసినవన్నీ లోకల్‌హోస్ట్ ఖాతాలే. ఇప్పుడు 192.168.1.% అని ఒక ఖాతా పెట్టింది. శాతం గుర్తు ఉన్న చోట ఏ అంకె వచ్చినా ఫరవాలేదని అర్థం.

మళ్లీ నొక్కింది. 1045. ప్రవేశం నిరాకరణ.

ఇది మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. పేరో పాస్‌వర్డో తప్పు. రెండిట్లో ఏది తప్పో మాత్రం కావాలనే చెప్పదు. పేరు సరైనదే, పాస్‌వర్డే తప్పని చెబితే దొంగకి సగం పని చేసిపెట్టినట్టు. కానీ ఆ వాక్యం చివర ఒక ఉపకారం చేస్తుంది: పాస్‌వర్డ్ వాడారా, అవును లేదా కాదు. కాదు అని ఉంటే మన ప్రోగ్రాం అసలు పాస్‌వర్డే పంపలేదన్నమాట. లహరిది అదే. గడిలో కొట్టింది కానీ సేవ్ కాలేదు.

"పాస్‌వర్డ్ వైరు మీద అలా వెళ్లిపోతుంటే ఎవరైనా చూడరా తాతయ్యా?" అన్నాడు చింటూ.

మామూలుగా పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వెళ్లదు. అదే ఇందులో చమత్కారం. మారియాడీబీ, మైఎస్‌క్యూఎల్‌లలో ముందు మాట్లాడేది సర్వరే. తన వెర్షన్ ఏమిటో చెప్పి, దాంతో పాటు అప్పటికప్పుడు పుట్టించిన 20 బైట్ల గజిబిజి ముక్క ఒకటి పంపిస్తుంది. మన డ్రైవర్ ఆ ముక్కనీ పాస్‌వర్డ్‌నీ కలిపి, వెనక్కి విడదియ్యడానికి వీల్లేని ఒక లెక్క కట్టి, ఆ ఫలితాన్ని మాత్రమే పంపిస్తుంది. సర్వర్ తన దగ్గరున్న దాంతో సరిచూసుకుంటుంది. మధ్యలో ఎవరైనా ఆ జవాబు పట్టుకున్నా మర్నాటికి పనికిరాదు, ఎందుకంటే మర్నాడు గజిబిజి ముక్క వేరే.

అయితే ఈ జాగ్రత్త పాస్‌వర్డ్‌కే. కనెక్షన్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే తరవాతి మాటలన్నీ బట్టబయలే. లహరికి చూపిద్దామని, వైరు మీద వెళ్లేవాటిని చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రాం తెరిపించాను. బేస్‌లో పుస్తకాల పట్టిక తెరవగానే ఒక పొట్లం వెళ్లింది. మొదటి మూడు బైట్లు పొడవు, నాలుగోది వరస సంఖ్య, ఐదో బైటు 3. మూడంటే "ఇదిగో ఒక ప్రశ్న" అని. ఆ వెనకే "సెలెక్ట్" అంటూ మొదలై పట్టిక పేరుతో సహా మొత్తం వాక్యం, ఏ అక్షరానికా అక్షరం చదువుకునేట్టు ఉంది. ఇంతసేపూ ఏదో మాయ అనుకున్నది ఇంతే: ఒక 3, ఒక వాక్యం. జవాబుగా వరసలు తిరిగొచ్చాయి.

"వచ్చింది! వచ్చింది!" అంది లహరి. తెర మీద వరసలు వచ్చాయి. పేర్లున్న చోట మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలు.

తెలుగు వాళ్లం కనుక ఈ ముచ్చట మనకి తప్పదు. "తెలుగు" అన్న మాటకి ఆరు ప్రశ్నార్థకాలు పడ్డాయి. ఆరే ఎందుకు? యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు. యూటీఎఫ్8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 18. సర్వర్ ఆ పద్దెనిమిదీ భద్రంగా దాచింది. కానీ కనెక్షన్ పెట్టేటప్పుడు డ్రైవర్ "నాతో లాటిన్ 1లో మాట్లాడు" అంది. లాటిన్ 1లో పడమటి యూరప్ అక్షరాలు తప్ప తెలుగు లేదు. లేని అక్షరం ఎలా చెప్పను అని సర్వర్ ఒక్కో గుర్తుకీ ఒక్కో ప్రశ్నార్థకం పెట్టి పంపించింది.

ఇక్కడ కంగారు పడి డేటా మళ్లీ టైపు చెయ్యబోతారు జనం. అంతకు ముందు ఒక పరీక్ష ఉంది. వెనక గదిలో సర్వర్ దగ్గరే కూచుని, ఆ పేరుని హెక్స్ అంకెల్లో చూపించమని అడగాలి. ఈ0 బీ0 ఏ4 అని మొదలైతే అది "త". తెలుగు నిక్షేపంగా ఉంది, చూపించడంలోనే తేడా. డేటా సోర్స్ అమరికల్లో క్యారెక్టర్ సెట్ దగ్గర యూటీఎఫ్8ఎంబీ4 అని పెడితే చాలు. మాకు అలాగే అయింది. అలాకాక 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్ అని వస్తే, అది నిజంగానే ప్రశ్నార్థకం. అంటే రాసేటప్పుడే పోయింది. దాన్నిక ఏ మంత్రమూ వెనక్కి తేలేదు. పాత సర్వర్లు ఇలా చడీచప్పుడు లేకుండా పోగొట్టేవి. ఇప్పటివి కఠినంగా ఉండి, 1366 అని ఎర్రర్ ఇచ్చి, రాయడానికే ఒప్పుకోవు. ఎర్రర్ వచ్చినందుకు సంతోషించాల్సిన సందర్భం ఇది.

మూడో రకం కూడా ఉంది. తెలుగు బదులు తల మీద ఏటవాలు గీతున్న ఇంగ్లిష్ ఎ, పక్కన డిగ్రీల గుర్తు, మళ్లీ అదే ఎ, పక్కన ప్లస్‌మైనస్ గుర్తు వరసగా కనబడతాయి. బైట్లన్నీ ఉన్నాయి కానీ వాటిని లాటిన్ 1 అనుకుని చదువుతున్నారన్నమాట. దీన్ని బాగుచెయ్యొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో 2018 నాటి 8.0 వెర్షన్ దాకా మనం ఏమీ చెప్పకపోతే లాటిన్ 1 అనే అనుకునేది. ఆ కాలంలో కట్టిన తెలుగు డేటాబేసుల్లో ఈ వేషాలన్నీ కనబడతాయి. యూటీఎఫ్8 అని ఊరికే రాస్తే మైఎస్‌క్యూఎల్‌లో మూడు బైట్ల దాకానే. మన తెలుగుకి సరిపోతుంది కానీ నవ్వు బొమ్మకి నాలుగు బైట్లు కావాలి. అందుకే చివర ఎంబీ4.

పేర్లు తెలుగులో కనబడ్డాయి. చింటూగాడు ఒక పుస్తకం పేరు దిద్దబోయాడు. అక్షరం పడలేదు. ఎర్రర్ కూడా రాలేదు.

నన్నడిగితే ఎర్రర్ లేని చిక్కే అసలు చిక్కు. పట్టికకి ప్రైమరీ కీ, అంటే ఏ రెండు వరసలకీ ఒకటి కాని నంబరు, లేకపోతే బేస్ ఆ పట్టికని చదవనిస్తుంది, రాయనివ్వదు. న్యాయమే. రామాయణం ప్రతులు మూడుంటే, మూడిట్లో ఏది దిద్దమంటున్నావో సర్వర్‌కి బేస్ ఎలా చెబుతుంది? ఒక నంబరు వరస కలిపి, ప్రైమరీ కీ చేశాక గడులు తెరుచుకున్నాయి.

అధికారాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. లైబ్రేరియన్ గారి ఖాతాకి చదవడం, కొత్తవి చేర్చడం, దిద్దడం చాలు. చెరిపెయ్యడం, పట్టికలు కూల్చడం ఆవిడకి అక్కర్లేదు. అన్ని అధికారాలూ ఉన్న రూట్ ఖాతా బల్ల మీది ప్రోగ్రాంలో ఎప్పుడూ పెట్టొద్దు. ఎవరైనా పొరబాటున చెరపబోతే 1142 వస్తుంది, "నీకా అధికారం లేదు" అని. మనం పెట్టిన కాపలా పనిచేస్తోందని దానర్థం.

తనే సొంతంగా ఒక చిన్న వెతుకులాట ప్రోగ్రాం రాస్తానంది లహరి. రాసుకో, కానీ వెతికే మాటని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించొద్దు అన్నాను. "గలివర్స్ ట్రావెల్స్" అని ఇంగ్లిష్‌లో కొడితే ఎస్ ముందు ఒక కొటేషన్ గుర్తు పడుతుంది. అతికించిన వాక్యంలో సర్వర్ దాన్ని పేరు అక్కడితో అయిపోయిందనుకుంటుంది. 1064 వస్తుంది, వాక్యం తప్పని. అక్కడే ఇంకెవడైనా తెలిసినవాడు కొటేషన్ తరవాత తన సొంత ఆజ్ఞ రాస్తే సర్వర్ దాన్నీ పాటిస్తుంది. వాక్యంలో ఆ చోటు ఖాళీగా ఉంచి, విలువని విడిగా పంపే పద్ధతి ప్రతి డ్రైవర్లోనూ ఉంది. అప్పుడు ఎవరేం కొట్టినా అది ఒక పేరే అవుతుంది, ఆజ్ఞ అవదు.

"ఫాక్స్‌ప్రోలో కరెంటు పోతే పాడయ్యేదన్నావు. దీంట్లో పాడవదా?" అని చింటూ మళ్లీ మొదటికొచ్చాడు.

ఒక పుస్తకం ఇష్యూ చేశామంటే రెండు రాతలు: ఇష్యూల పట్టికలో కొత్త వరస, పుస్తకాల పట్టికలో ఒక ప్రతి తగ్గడం. మొదటిది అయ్యాక, రెండోది కాకముందు కరెంటు పోతే? ఆ రెంటినీ ఒక ట్రాన్సాక్షన్‌గా కట్టి పంపాలి. చివర "కమిట్" అనే దాకా సర్వర్ వాటిని ఖాయం చెయ్యదు. కమిట్ అన్నాక, ముందు తన లాగ్ ఫైల్లో రాసుకుని, ఆ తరవాతే "అయింది" అని జవాబిస్తుంది. కరెంటొచ్చి మళ్లీ లేచినప్పుడు లాగ్ చూసుకుంటుంది. కమిట్ అయినవి నిలబెడుతుంది, కానివి రద్దు చేస్తుంది. సగం ఇష్యూ అయిన పుస్తకం అంటూ ఉండదు. చేతులు కట్టుకుని రీఇండెక్స్ చూస్తూ కూచునే ఉద్యోగం పోయింది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. రాత్రి ఎనిమిదింటికి ప్రోగ్రాం మూయకుండా వెళ్లిపోయి, పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి మొదటి బటన్ నొక్కగానే 2006 రావచ్చు, "సర్వర్ వెళ్లిపోయింది" అని. సర్వర్ ఎక్కడికీ పోలేదు. మాట్లాడని కనెక్షన్‌ని అది 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు చూసి మూసేస్తుంది. మామూలు అమరిక అది. కనెక్షన్ కొత్తగా తెరిస్తే సరి. పొద్దున మొదటిసారి మాత్రమే వచ్చే ఎర్రర్ ఏదైనా ఉంటే ముందు గడియారం చూడండి.

లహరి ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని లైబ్రేరియన్ గారి బల్ల అద్దం కింద పెట్టింది. ఐఎం అంటే ల్యాప్‌టాప్‌లోనే ఆగింది. 10060, 10061 అంటే దారిలో. 1130, 1045 అంటే గుమ్మంలో. 1064, 1142, 1366 అంటే లోపలికెళ్లాక అడిగినదాంట్లో. నంబరు మారిందంటే ఒక అడుగు ముందుకేశామని. అదే నంబరు మళ్లీ మళ్లీ వస్తుంటే చేసిన మార్పు పని చెయ్యలేదని.

ఆవిడకి నేను చెప్పింది ఒకటే. మా లహరి సెలవులైపోయి వెళ్లాక ఫోన్ చేసి "సర్వర్ పలకట్లేదమ్మా" అంటే ఆ పిల్ల అక్కణ్నుంచి ఏమీ చెయ్యలేదు. "1045 వస్తోంది, పాస్‌వర్డ్ వాడారా అన్న చోట కాదు అని ఉంది" అన్నారనుకోండి, ఫోన్ పెట్టేలోపు పనైపోతుంది.